రాజశేఖరుడి నుంచి సుబ్బయ్య దాకా

తెలుగు నవలలో పాత్రలు ఎలా మారాయో నాలుగు మాటలు మనవి చేస్తాను.

కందుకూరి వీరేశలింగం గారి ‘రాజశేఖర చరిత్రము’ 1878లో ‘వివేకవర్ధని’ పత్రికలో మొదలై 1880లో పుస్తకంగా వచ్చింది. ధవళేశ్వరంలో ఉండే రాజశేఖరుడు ముఖస్తుతులకు లొంగి, మూఢనమ్మకాలకు ఖర్చుపెట్టి ఆస్తి పోగొట్టుకుంటాడు. లోకానికి బుద్ధి చెప్పడం పంతులుగారి ఉద్దేశం కనుక ఆ పాత్ర నీతికి ఉదాహరణగా నిలిచింది.

1940లలో గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ వచ్చింది. తనతో తాను వాదించుకునే సీతారామారావుతో నవల మనిషి మనసులోకి దిగింది. తరువాతి దశాబ్దంలో రాచకొండ విశ్వనాథశాస్త్రి గారు ‘అల్పజీవి’ రాశారు. అందులో సుబ్బయ్య మనవంటి గుమాస్తా. పిరికివాడని చెప్పి ఊరుకోకుండా, అతని తలలో తిరిగే ఆలోచనలనే రచయిత మన ముందు పెట్టారు.

ఎల్.డి.సి.గా చేరిన కొత్తలో అది చదివి సుబ్బయ్యను చూసి నవ్వుకున్నాను. కొన్నేళ్లకు మా ఆఫీసులో ఒక అటెండరు మీద చేయని తప్పు మోపారు. అసలు సంగతి తెలిపే ఫైలు నా బల్ల మీదే ఉంది. నేను నోరు విప్పలేదు. ఆ రాత్రి మళ్లీ ‘అల్పజీవి’ తీశాను. ఈసారి నవ్వు రాలేదు. సుబ్బయ్య ఇన్నేళ్లు ఎందుకు బతికున్నాడో అప్పుడు తెలిసింది.

మీ మనవలచేత ఈ మూడూ చదివించండి.