సిక్కు చరిత్రలో భవిష్యవాణి గాథల ప్రామాణికత

సిక్కు గురువులు తమ తరువాతి కాలంలో జరుగబోయే సంఘటనలను ముందుగానే తెలిపారని చెప్పే కథలను సిక్కు చరిత్రలో భవిష్యవాణి గాథలు అంటారు. మొఘలు సామ్రాజ్య పతనం, ఆంగ్లేయుల రాక, మహారాజా దులీప్ సింగ్ పునరాగమనం వంటివి ఈ గాథలలో ముఖ్యమైనవి. వీటిలో అనేకం గురువుల సమకాలీన రచనలలో కనిపించవు. చెప్పబడిన సంఘటన జరిగిపోయిన తరువాత వ్రాసిన గ్రంథాలలోనే కనిపిస్తాయి. అందువలన వీటి ప్రామాణికతపై 19వ శతాబ్ది చివరి నుండి పండితులలో చర్చ జరుగుతున్నది.

నేపథ్యం

సిక్కు మతస్థాపకుడు గురు నానక్ (1469-1539) మొదలుకొని గురు గోవింద్ సింగ్ (1666-1708) వరకు పదిమంది గురువులు ఉన్నారు. సిక్కుల పవిత్ర గ్రంథమైన ఆదిగ్రంథాన్ని ఐదవ గురువు అర్జున్ 1604లో సంకలనం చేయించాడు. ఇది ప్రధానంగా భక్తి కీర్తనల సంపుటి. ఇందులో గురువుల జీవితచరిత్ర కథారూపంలో లేదు. ఆ లోటును తీర్చినవి జనంసాఖీలు, గురుబిలాసులు అనే రచనలు. సాఖీ అనే మాట సంస్కృతంలోని సాక్షి శబ్దం నుండి వచ్చింది. కళ్ళారా చూసినవారు చెప్పిన సాక్ష్యం అని దాని భావం. అయితే ఈ రచనలు చాలాకాలం నోటిమాటగా వ్యాపించిన తరువాతనే గ్రంథరూపం పొందాయి.

జరిగిపోయిన సంగతిని జరుగబోయేదిగా చెప్పే పద్ధతి భారతీయ వాఙ్మయంలో కొత్తది కాదు. మత్స్య, వాయు పురాణాలలో కలియుగ రాజవంశాల వర్ణన భవిష్యత్కాలంలోనే సాగుతుంది. శాతవాహనులుగా గుర్తింపబడిన ఆంధ్ర రాజుల పట్టిక కూడా అదే రీతిలో ఉంది. ఆ వంశాలు అంతరించిన తరువాత ఆ భాగాలు కూర్చబడ్డాయని చరిత్రకారులు భావిస్తారు. సిక్కు గాథలను పరిశీలించేవారు కూడా ఇదే సూత్రాన్ని అనుసరిస్తారు.

పరిశీలనా పద్ధతి

ఒక గాథను పరీక్షించేటప్పుడు చరిత్రకారులు సాధారణంగా నాలుగు ప్రశ్నలు వేస్తారు.

1. ఆ గాథ మొదటిసారిగా ఏ గ్రంథంలో, ఏ కాలంలో కనిపిస్తున్నది?
2. అందులోని వ్యక్తులు ఆ సమయంలో ఆ స్థలంలో ఉన్నట్లు ఇతర ఆధారాలు ఉన్నాయా?
3. వేర్వేరు వ్రాతప్రతులలో పాఠం ఒకే విధంగా ఉన్నదా?
4. ఆ గాథ ప్రచారం వలన ఆనాడు ఎవరికి ప్రయోజనం కలిగింది?

ఈ ప్రశ్నలకు వచ్చే సమాధానాలు అన్ని గాథల విషయంలో ఒకే విధంగా ఉండవు. కొన్ని గాథలు మొదటి ప్రశ్న దగ్గరే నిలువలేవు. మరికొన్నింటిలో మూలపాఠం నిస్సందేహంగా ప్రామాణికమే అయినా, దానికి చెప్పే అర్థం వివాదాస్పదంగా ఉంటుంది.

బాబరు దండయాత్ర - గురు నానక్

గురు నానక్ బాబరు దండయాత్రలను గురించి రచించిన నాలుగు పదాలను కలిపి బాబర్‌వాణి అంటారు. ఇవి ఆదిగ్రంథంలోనే ఉన్నందున వీటి కర్తృత్వంపై సందేహం లేదు. వీటిలో తిలంగ్ రాగంలోని పదంలో 78లో వచ్చుట, 97లో పోవుట అనే ప్రస్తావన ఉంది. సంప్రదాయ వ్యాఖ్యాతలు వీటిని విక్రమ సంవత్సరాలు 1578, 1597గా, అనగా క్రీ.శ. 1521, 1540గా గ్రహించారు. 1521 బాబరు సైదుపూరుపై దండెత్తిన సంవత్సరంగా, 1540 హుమాయూను షేర్‌షా చేతిలో ఓడి రాజ్యం కోల్పోయిన సంవత్సరంగా చెబుతారు. గురు నానక్ 1539లోనే మరణించినందున ఇది భవిష్యవాణి అని వారి వాదన.

దీనికి భిన్నమైన వ్యాఖ్యానాలు కూడా ఉన్నాయి. ఆ అంకెలు మానవ జీవితపు అశాశ్వతత్వాన్ని సూచిస్తాయని కొందరు భావించారు. హుమాయూను మొదటి పెద్ద పరాజయం చౌసా యుద్ధంలో 1539 జూన్‌లో, అంటే గురు నానక్ జీవించి ఉండగానే జరిగిందన్నది కూడా గమనించదగిన విషయం. మొఘలు అధికారం కూలిపోవచ్చునని ఆనాటి వివేకవంతుడు ఎవరైనా ఊహించగల స్థితి అది.

జనంసాఖీలలో గురు నానక్, బాబరు ముఖాముఖి కలిసినట్లు కథలు ఉన్నాయి. బాబరు వంశానికి ఏడు తరాల రాజ్యం లభిస్తుందని గురువు వరమిచ్చినట్లు కూడా ఒక కథ ప్రచారంలో ఉంది. బాబరు స్వీయచరిత్ర బాబర్‌నామాలో గురు నానక్ ప్రస్తావన లేదు. అయితే ఆ గ్రంథంలో 1520 ఆరంభం నుండి 1525 చివరి వరకు గల భాగం లుప్తమైనది. సైదుపూరు దాడి సరిగా ఆ కాలంలోనే జరిగింది. కాబట్టి బాబర్‌నామా మౌనాన్ని ఆధారంగా చేసుకుని వారి సమావేశం జరగలేదని తేల్చడం సాధ్యం కాదు. జరిగిందని నిరూపించడం కూడా సాధ్యం కాదు.

జనంసాఖీలలో మార్పులు, చేర్పులు జరిగాయనడానికి బాలా జనంసాఖీ మంచి ఉదాహరణ. ఇది గురు నానక్ సహచరుడైన భాయీ బాలా రెండవ గురువు అంగద్ సమక్షంలో చెప్పినదని గ్రంథంలోనే ఉంది. కానీ భాయీ గురుదాస్ తన వార్‌లలో పేర్కొన్న గురు నానక్ శిష్యుల పేర్లలో బాలా పేరు లేదు. తెలిసినంతలో అతి పాత ప్రతి 1658 నాటిది. కొన్ని ప్రతులలో హిందాలీ అనే శాఖవారు తమ మూలపురుషుని ఘనతను పెంచే భాగాలను చేర్చారు. 20వ శతాబ్ది ఆరంభంలో చరిత్రకారుడు కరమ్ సింగ్ ఈ జనంసాఖీ విశ్వసనీయతను ప్రశ్నిస్తూ ప్రత్యేకంగా ఒక గ్రంథం వ్రాశాడు.

గురు హరగోవింద్ జననం

సంతానం కోరి వచ్చిన మాతా గంగ తెచ్చిన ఆహారంలోని ఉల్లిపాయను బాబా బుడ్డా పిడికిలితో చితుకగొట్టి, ఆమెకు పుట్టబోయే కుమారుడు శత్రువుల తలలను ఇదే విధంగా చితుకగొడతాడని ఆశీర్వదించినట్లు ఒక ప్రసిద్ధ గాథ ఉంది. ఆ కుమారుడే ఆరవ గురువు హరగోవింద్. ఆయన 1595లో జన్మించాడు. తండ్రి 1606లో బలియైన తరువాత ఆయుధం ధరించి, 1630ల దశకంలో షాజహాను సైన్యాలతో యుద్ధాలు చేశాడు.

ఈ గాథను వివరంగా చెప్పే గురుబిలాస్ పాత్‌షాహీ 6 తాను 1718 నాటి రచననని చెప్పుకుంటుంది. భాషను, విషయాన్ని బట్టి అది 19వ శతాబ్దికి చెందినదని పలువురు పండితుల అభిప్రాయం. సంతోఖ్ సింగ్ కవి రచించిన సూరజ్ ప్రకాశ్ 1843లో పూర్తి అయింది. అనగా గురువు యుద్ధాలు అందరికీ తెలిసిన చాలాకాలానికి ఈ ఆశీర్వచనం గ్రంథస్థమైనది.

గురు తేగ్ బహదూర్ - తెల్లవారి రాక

అన్నింటికంటే ఎక్కువగా చర్చింపబడిన గాథ తొమ్మిదవ గురువు తేగ్ బహదూర్‌కు సంబంధించినది. ఢిల్లీ చెరలో ఉన్న గురువు తన అంతఃపురం వైపు చూస్తున్నాడని ఔరంగజేబు నిందించగా, తాను చూస్తున్నది అంతఃపురాన్ని కాదని, సముద్రాల ఆవలి నుండి వచ్చి మొఘలు సామ్రాజ్యాన్ని నాశనం చేయబోయే తెల్లవారి దిక్కునని గురువు బదులిచ్చినట్లు కథ. గురువు 1675 నవంబరులో ఢిల్లీలోని చాందినీ చౌక్‌లో శిరచ్ఛేదానికి గురయ్యాడు.

ఈ గాథపై మూడు ముఖ్యమైన ఆక్షేపణలు ఉన్నాయి.

మొదటిది కాలస్థలాలకు సంబంధించినది. ఔరంగజేబు 1674లో ఆఫ్ఘన్ తెగల తిరుగుబాటును అణచడానికి వాయవ్య సరిహద్దుకు బయలుదేరి హసన్ అబ్దాల్‌లో విడిది చేశాడు. తిరిగి ఢిల్లీ చేరినది 1676లో. గురువు మరణ సమయంలో చక్రవర్తి ఢిల్లీలో లేనందున వారి ముఖాముఖి సంభాషణ జరగడం సాధ్యం కాదు.

రెండవది గ్రంథాల మౌనం. గురు తేగ్ బహదూర్ బలిదానాన్ని వర్ణించే తొలి రచనలలో ఒకటైన బచిత్ర నాటక్‌లో గాని, 18వ శతాబ్ది ఆరంభంలో సైనాపతి రచించిన శ్రీ గుర్ సోభాలో గాని ఈ సంభాషణ లేదు. పైగా దైవభక్తులు మహిమలు ప్రదర్శించడానికి సిగ్గుపడతారనే భావం బచిత్ర నాటక్‌లో ఈ బలిదాన సందర్భంలోనే వ్యక్తమైంది.

మూడవది ప్రయోజనానికి సంబంధించినది. ఈ గాథ 1857 తిరుగుబాటు సందర్భంలో ప్రాముఖ్యం పొందింది.

ఒక విషయం మాత్రం స్పష్టం చేయవలసి ఉన్నది. 1675 నాటికి ఐరోపా వర్తకులు భారతదేశానికి కొత్తవారు కారు. ఆంగ్లేయులు 1611లోనే మచిలీపట్నంలో వర్తక స్థావరం ఏర్పరచుకున్నారు. కాబట్టి తెల్లవారి ప్రస్తావన ఉన్నంత మాత్రాన గాథను త్రోసివేయడానికి వీలులేదు. వారు సామ్రాజ్యాధిపతులు కాగలరన్న మాట ఎప్పుడు, ఎవరి రచనలో మొదట కనిపించినదన్నదే ప్రశ్న.

1857 తిరుగుబాటులో గాథ వినియోగం

1857 సెప్టెంబరులో జాన్ నికల్సన్ నాయకత్వాన ఢిల్లీపై జరిగిన దాడిలో సిక్కు దళాలు ఆంగ్లేయుల పక్షాన పోరాడాయి. ఆ దాడిలో తేగ్ బహదూర్ భవిష్యవాణి సిక్కు సైనికుల యుద్ధనినాదమైనదని సిక్కు రచయితలు చెప్పినట్లు మెకాలిఫ్ వ్రాశాడు. పంజాబులో ఆంగ్లేయ అధికారిగా పనిచేసిన ఆయన 1909లో ఆరు సంపుటాలలో ప్రచురించిన సిక్కు మత గ్రంథపు పీఠికలో ఈ గాథను పొందుపరచి, ఇటువంటి భవిష్యవాణుల వలన సిక్కుల రాజభక్తి బలపడుతుందని సూచించాడు.

సిక్కు సైనికులు ఆంగ్లేయుల పక్షం వహించడానికి చరిత్రకారులు వేరే కారణాలు కూడా చూపుతారు. 1845-46, 1848-49 యుద్ధాలలో సిక్కు రాజ్యాన్ని ఓడించిన సైన్యంలో పూర్బియాలని పిలువబడే బెంగాల్ సైనికులు ఉన్నారు. 1857లో తిరుగుబాటు చేసినవారు ఆ సైనికులే. వారిపై కోపం, మొఘలుల పాలనలో గురువులు బలియైన జ్ఞాపకం, జీతంపై ఆశ, ఢిల్లీ కొల్లగొట్టవచ్చునన్న ఆశ కలిసి పనిచేశాయని వారి వివరణ.

సౌ సాఖీ

సౌ సాఖీ అనగా నూరు సాక్ష్యాలు. గురు గోవింద్ సింగ్ మాటలను బాబా బుడ్డా వంశీయుడైన భాయీ రామ్ కుఇర్ చెప్పగా సాహిబ్ సింగ్ వ్రాసినట్లు ఈ గ్రంథం చెప్పుకుంటుంది. దీనిని భదౌడ్‌కు చెందిన సర్దార్ అత్తర్ సింగ్ ఆంగ్లంలోకి అనువదించగా 1873లో కాశీలో ప్రచురింపబడింది. ఈ గ్రంథంలో ప్రతికీ ప్రతికీ పాఠభేదాలు ఎక్కువ. కాలానుగుణంగా కొత్త సంఘటనలు, కొత్త పేర్లు చేరుతూ వచ్చాయని పరిశోధకులు గుర్తించారు.

ఈ గ్రంథానికి ప్రాచుర్యం కలిగించినవారిలో కూకాలు లేక నామధారీలు ముఖ్యులు. వీరు బాబా రామ్ సింగ్ అనుచరులు. మలేర్‌కోట్లా దాడి తరువాత 1872 జనవరిలో 60 మందికి పైగా కూకాలను ఆంగ్ల అధికారులు విచారణ లేకుండా ఫిరంగులతో పేల్చి చంపారు. రామ్ సింగ్‌ను రంగూన్‌కు ప్రవాసం పంపారు. అక్కడి నుండి ఆయన వ్రాసిన లేఖలలో సౌ సాఖీ ప్రస్తావన ఉంది. ఆంగ్లేయుల పాలన అంతమవుతుందని అందులో ఉన్నట్లు అనుచరులు నమ్మారు. గురు గోవింద్ సింగ్ 1708లో నాందేడ్‌లో మరణించలేదని, అజాపాల్ సింగ్ అనే పేరుతో 1812 వరకు జీవించాడని కూడా నామధారీల విశ్వాసం. గోదావరి తీరాన ఉన్న నాందేడ్ 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో భాగంగా ఉండేది.

1880ల దశకంలో ఇదే భవిష్యవాణి దులీప్ సింగ్‌కు అన్వయింపబడింది. 1849లో పది సంవత్సరాల వయసులో రాజ్యం కోల్పోయి, క్రైస్తవం స్వీకరించి, ఇంగ్లాండులో పెరిగిన ఆయనకు బంధువు ఠాకూర్ సింగ్ సంధన్‌వాలియా ఈ గాథలను వినిపించాడు. 1886లో భారతదేశానికి బయలుదేరిన దులీప్ సింగ్‌ను ఏడెన్‌లో నిలిపివేశారు. అక్కడే ఆయన తిరిగి సిక్కు మతం స్వీకరించాడు. 1887లో రష్యా వెళ్ళి సహాయం కోరినా ఫలితం లేకపోయింది. 1893లో పారిస్‌లో మరణించాడు. గురువు పేర ప్రచారమైన ఈ భవిష్యవాణి నెరవేరలేదు.

భిన్నాభిప్రాయాలు

న్యూజిలాండ్‌కు చెందిన చరిత్రకారుడు డబ్ల్యు. హెచ్. మెక్‌లియడ్ (1932-2009) జనంసాఖీలను విశ్లేషించి, అవి గురువుల జీవితం కంటే వాటిని వ్రాసిన కాలపు సమాజాన్ని గురించి ఎక్కువగా తెలుపుతాయని అభిప్రాయపడ్డాడు. అనేకమంది సిక్కు పండితులు ఆయన పద్ధతిని తీవ్రంగా విమర్శించారు. మౌఖిక సంప్రదాయానికి తగిన విలువ ఇవ్వలేదని, గ్రంథంలో లేనంత మాత్రాన సంఘటన జరగలేదనడం తర్కం కాదని వారి వాదన.

ఈ విమర్శలో బలం లేకపోలేదు. 18వ శతాబ్ది ఆరంభంలో ఆనందపూర్ విడిచిపోయేటప్పుడు సర్సా నదిలో అనేక వ్రాతప్రతులు కొట్టుకుపోయినట్లు సంప్రదాయం చెబుతుంది. 1984 జూన్‌లో అమృతసర్ స్వర్ణదేవాలయ ఆవరణలో జరిగిన సైనిక చర్య సందర్భంగా సిక్కు రిఫరెన్స్ లైబ్రరీలోని అపురూపమైన ప్రతులు పరిశోధకులకు దూరమయ్యాయి. లభించే ఆధారాలు మొత్తం ఆధారాలు కావన్నది వాస్తవం.

అయితే గాథలను ప్రశ్నించడం సిక్కు సంప్రదాయానికి వెలుపలి నుండి వచ్చిన పని మాత్రమే కాదు. 1873లో అమృతసర్‌లో ప్రారంభమైన సింగ్ సభా ఉద్యమం కాలం నుండి సిక్కు పండితులే ఈ పని చేస్తూ వచ్చారు. ఆదిగ్రంథంలోని గురువాణి కూడా శకునాలను, ముహూర్తాలను, మహిమల ప్రదర్శనను ప్రోత్సహించదు.

ప్రాముఖ్యత

భవిష్యవాణి గాథలు గురువుల కాలానికి ప్రత్యక్ష ఆధారాలు కాకపోయినా, చరిత్రకారులకు అవి నిరుపయోగం కావు. 1857లో ఆంగ్లేయులకు అనుకూలంగా, 1870, 1880ల దశకాలలో వారికి వ్యతిరేకంగా గురువుల పేరుతోనే భవిష్యవాణులు ప్రచారమయ్యాయి. ఆయా కాలాలలో ప్రజలు దేనికి భయపడ్డారో, దేనిని ఆశించారో అవి తెలుపుతాయి.

గురు తేగ్ బహదూర్ విషయంలో ఈ విచక్షణకు మరింత అవసరం ఉన్నది. ఇతరుల మతస్వేచ్ఛ కొరకు ఆయన ప్రాణమిచ్చాడని సిక్కు సంప్రదాయం బోధిస్తుంది. తెల్లవారి రాకను గురించిన గాథ ఆ బలిదానాన్ని మరొక సామ్రాజ్య విజయానికి ముందుమాటగా మారుస్తుంది. గాథను ప్రక్కకు పెట్టినా 1675 నాటి బలిదానం చారిత్రక సత్యంగానే నిలుస్తుంది. దానికి భవిష్యవాణి ఆసరా అవసరం లేదు.