యబ్నె చాలన్న పెద్దాయన

రోమ్‌లో టైటస్ విజయతోరణం మీద ఒక శిల్పం ఉంది. యెరూషలేము దేవాలయంలో దోచుకున్న ఏడు కొమ్మల దీపస్తంభాన్ని సైనికులు ఊరేగిస్తుంటారు. చరిత్ర పాఠాలు చెప్పే రోజుల్లో ఆ బొమ్మ చూపించి, క్రీ.శ. 70లో గుడి కూలిందని చెప్పి ఊరుకోవడానికి నాకు మనసొప్పేది కాదు. బలులన్నీ ఆ ఒక్క గుడిలోనే. అది పోయాక కూడా యూదుల మతం ఎలా నిలబడింది? దానికి జవాబు చెప్పాలంటే రబ్బీ యోహానాన్ బెన్ జక్కాయ్ దగ్గరికి వెళ్లాల్సిందే.

రోమన్లు యెరూషలేమును ముట్టడించిన వేళ గురించి యూదుల ధర్మగ్రంథం తాల్మూద్ చెప్పే కథ ఇది. సంధి మాట ఎవరూ ఎత్తకూడదని ఊళ్లోని తిరుగుబాటుదారులే ధాన్యపు కొట్లు తగలబెట్టారు. బతికుండగా కోట దాటనివ్వరు. వాళ్ల నాయకుడు అబ్బా సిక్రా మాత్రం యోహానాన్‌కు స్వయానా మేనల్లుడు. బయటపడాలంటే చనిపోయినట్టు నటించమని ఉపాయం చెప్పింది అతనే. పక్కన కంపుకొట్టే వస్తువేదో పెట్టారు. బతికున్న మనిషి శవమంత బరువుండడట. ఆ తేడా పరాయివాళ్లు పసిగట్టకుండా ఎలియెజెరు, యెహోషువ అనే శిష్యులే మోశారు. ద్వారం దగ్గర కావలివాళ్లు పొడిచి చూస్తామన్నారు. సొంత గురువునే పొడిచారని రోమన్లు చెప్పుకుంటారని మేనల్లుడు ఆపాడు.

యోహానాన్ బయటపడి రోమన్ సేనాని వెస్పాసియన్ ముందు నిలబడి, ఆయన్ని రాజా అని పిలిచాడు. అంతలోనే రోమ్ నుంచి పట్టాభిషేకం కబురు వచ్చింది. ఏం కావాలో కోరుకోమంటే యోహానాన్ అడిగినవి మూడు: అక్కడి పండితులతో సహా యబ్నె ఊరు; యూదులకు పెద్దరికం వహించే గమలీయేలు వంశం; గుడి కోసం ఏళ్ల తరబడి ఉపవాసం ఉండి చిక్కి శల్యమైన రబ్బీ సాదోకుకు వైద్యులు.

వందల ఏళ్ల తర్వాత రాసిన ఈ కథను చరిత్రకారులు అక్షరాలా నమ్మరు. నన్ను కట్టిపడేసేది వేరే సంగతి. యెరూషలేమునే విడిచిపెట్టమని ఎందుకు అడగలేదని తాల్మూద్ ఆయన్ని నిలదీస్తుంది. అంత అడిగితే ఈ కాస్తా దక్కదేమోనని భయపడ్డాడని జవాబూ అక్కడే ఉంది. ఆ భయం నాకు పిరికితనంగా తోచదు. ఎంత దక్కుతుందో ఎరిగిన మనిషి అడిగిన తీరు అది.

యబ్నెలో ఆయన చేసిన పని చూడండి. కొత్త సంవత్సరం పండుగ విశ్రాంతి దినాన పడితే పొట్టేలు కొమ్ము బూర గుడిలోనే ఊదేవారు. గుడి లేదు, పండుగ వచ్చింది, చుట్టుపక్కల ఊళ్ల జనం యబ్నెలో పోగయ్యారు. గుడి బయట ఊదవచ్చో లేదో ముందు చర్చిద్దామని బెతేరా వంశం పెద్దలు అన్నారు. ఊదాక చర్చిద్దాం అన్నాడు యోహానాన్. ఊదారు. ఇప్పుడు చర్చిద్దామా అని వాళ్లడిగితే, బూర మోత అందరూ విన్నాక ఇంక చర్చేమిటన్నాడు. పండితుల సభ ఉన్నచోట ఊదవచ్చన్న తీర్పు అలా నిలిచింది.

ఆయన తర్వాత యబ్నె పెద్దరికం ఆయన కాపాడమని అడిగిన ఆ వంశంలోని గమలీయేలుకు వచ్చింది. ఆ గమలీయేలు మనవడు యెహూదా హనాసీయే, క్రీ.శ. 200 ప్రాంతంలో, నోటి మాటగా నడిచిన ధర్మాన్నంతా మిష్నాగా కూర్చాడు.