విడవని నిస్సత్తువ: పలమనేరు పాడి ఇళ్లలో బ్రూసెల్లోసిస్ నిర్ధారణ సమస్య

పలమనేరు, పుంగనూరు, బైరెడ్డిపల్లె, వి.కోట ప్రాంతాల్లో వేరుశనగ చేతికి రాని ఏడు కూడా ఇంటిని నిలబెట్టేది పాల డబ్బే. రెండో మూడో సంకరజాతి జెర్సీ, హెచ్.ఎఫ్. ఆవులు కట్టేసిన కొట్టం, దాన్ని ఆనుకునే మనుషులుండే ఇల్లు ఈ పల్లెల్లో మామూలే. పుంగనూరు పొట్టి ఆవుల జాతిని కాపాడుతున్న శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయ పరిశోధనా స్థానం కూడా పలమనేరులోనే ఉంది. పశువుతో ఇంత దగ్గరగా బతికే చోట, నెలల తరబడి తగ్గని నీరసంతో ఒక మనిషి ఆస్పత్రికి వస్తే, వైద్యుడు వేయాల్సిన తొలి ప్రశ్నల్లో ఒకటి ఇంటి కొట్టం గురించి కావాలి. చాలాసార్లు ఆ ప్రశ్న పడదు. అది పడకపోతే రోగనిర్ధారణ ఎలా దారి తప్పుతుందో బ్రూసెల్లోసిస్ ఆధారంగా చూపడమే ఈ వ్యాసం పని.

పాడి రైతులు దీన్ని పశువు వైపు నుంచే ఎరుగుదురు. వాళ్లకిది ఈసుకుపోయే, అంటే చూడి నిలవక పోయే, రోగం. చూడి ఆవు అయిదో నెల దాటాక, ఎక్కువగా ఏడు, ఎనిమిది నెలల్లో, దూడను ఈసుకుపోతుంది. మాయ సరిగా పడదు. ఆ తరువాత ఎదకు వచ్చినా కట్టదు. చూడి చివరి నెలల్లోనే ఇలా జరగడానికి కారణం ఉంది. ఆవు మాయలో ఎరిత్రిటాల్ అనే చక్కెర ఆల్కహాలు సమృద్ధిగా ఉంటుంది. బ్రూసెల్లా అబార్టస్ సూక్ష్మజీవికి అది మంచి మేత. అందుకే అది మాయలో కోట్లకు కోట్లుగా పెరుగుతుంది. ఈసుకుపోయిన పిండం, మాయ, ఉమ్మనీరు, ఆ తరువాత కొన్ని వారాలపాటు కారే స్రావాలు అన్నీ రోగం మోసేవే.

మన ఇళ్లలో పాలు పొంగించకుండా తాగడం అరుదు. జున్నును కూడా ఉడికించే తింటాం. పచ్చిపాలతో చేసిన జున్నుగడ్డలు తినే మధ్యధరా దేశాలకూ మనకూ ఇక్కడ తేడా ఉంది. ఇక్కడ రోగం ఎక్కువగా చేతుల మీదుగా వస్తుంది. రాత్రిపూట ఆవు నొప్పులు పడుతుంటే పశువైద్యుడి కోసం ఎదురుచూసే వ్యవధి ఉండదు. ఇంట్లోవాళ్లే మోచేతి దాకా చెయ్యి పెట్టి దూడను లాగుతారు, పడని మాయను పీకుతారు. గడ్డి కోసి, కంప కొట్టి గీసుకుపోయిన చేతులవి. ఆ గీతలే సూక్ష్మజీవికి వాకిలి. ఆ తడి కళ్లలో చిందినా, కొట్టం కడిగేటప్పుడు తుంపరలు పీల్చినా అది లోపలికి పోగలదు. ఈ పని ఎక్కువగా ఆడవాళ్ల మీద పడుతుందన్న సంగతి నిర్ధారణ దగ్గర మళ్లీ అక్కరకొస్తుంది.

మనిషిలో రోగం సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాల్లో బయటపడుతుంది. ఒక్కోసారి నెలలు పడుతుంది. సాయంత్రానికి జ్వరం, తెల్లవారుజామున పక్క తడిసేంత చెమటలు, నడుము, తుంటి కీళ్ల నొప్పులు, ఆకలి చావడం, మనసు కుంగడం కనిపిస్తాయి. వీటన్నిటినీ మించింది నిస్సత్తువ. బిందె ఎత్తితే చేతులు వణుకుతాయి, పూట నిద్రపోయి లేచినా ఒళ్లు తేలిక పడదు. జ్వరం కొన్నాళ్లు వచ్చి, కొన్నాళ్లు విడిచి, మళ్లీ వస్తుంది. సూక్ష్మజీవి మన రక్షణ కణాల లోపలే దాక్కుని బతకగలగడం దీనికి మూలం. మగవాళ్లలో కొందరికి వృషణం వాస్తుంది. కొందరిలో ప్లీహం పెరిగి చేతికి తగులుతుంది. చాలామందిలో ఒళ్లంతా పరీక్షించినా వేలు పెట్టి చూపదగ్గ గుర్తు దొరకదు. తెల్ల కణాల సంఖ్య మామూలుగానో కాస్త తక్కువగానో ఉంటుంది. కొద్దిపాటి రక్తహీనత ఉంటే ఐరన్ మాత్రలు రాసిస్తారు, వెతుకులాట అక్కడితో ఆగిపోతుంది.

దారి తప్పించే మలుపుల్లో మొదటిది విడాల్ పరీక్ష. టైఫాయిడ్ తరచుగా వచ్చే మన ప్రాంతంలో ఒక్కసారి చేసిన విడాల్‌లో అంకె కొంచెం పెరిగినా అది టైఫాయిడే అని తీర్మానించడం పరిపాటి. మందు వాడతారు, జ్వరం తనంతట తాను విడిచే వారంలోనే విడుస్తుంది, మందు పనిచేసిందని అందరూ నమ్ముతారు. మళ్లీ వస్తే ‘టైఫాయిడ్ తిరగబెట్టింది’ అంటారు. రెండో మలుపు ఇంతకంటే చిక్కైనది. నడుము నొప్పి, చెమటలు, బరువు తగ్గడం చూసి క్షయ అనుకోవడం సహజం. వెన్నులో మచ్చ కనిపిస్తే అనుమానం బలపడుతుంది. క్షయకు వాడే రిఫాంపిసిన్, గతంలో విరివిగా ఇచ్చిన స్ట్రెప్టోమైసిన్ రెండూ బ్రూసెల్లా మీద కూడా పనిచేస్తాయి. అందుకే తప్పు పేరుతో మొదలైన వైద్యంతోనూ రోగి కొంత కోలుకోవచ్చు. ఆ కోలుకోవడాన్నే క్షయకు రుజువుగా తీసుకుంటే అసలు కారణం మరుగున పడుతుంది. ఎక్స్‌రే, ఎమ్మారైలలో కొన్ని ఆనవాళ్లున్నాయి. క్షయ ఎక్కువగా వీపు భాగపు వెన్నుపూసల్ని పట్టి కుంగదీస్తుంది, బ్రూసెల్లా ఎక్కువగా నడుము పూసల్ని పట్టినా వాటి ఆకారం చాలావరకు చెడదు. అయితే మనసులో బ్రూసెల్లా అన్న ఆలోచన ఉన్న కంటికే ఆ తేడా ఆనుతుంది.

మూడో మలుపు మందుల చీటీలో కనిపించదు. పరీక్షలన్నీ మామూలుగా ఉన్నాయి కాబట్టి రోగం లేదనడం, అంటే రోగిగా వచ్చిన ఆడమనిషి చెప్పేది నిజం కాదనడం. పని తప్పించుకుంటోందని ఇంట్లో అంటారు, మనసుకు సంబంధించిందని ఆస్పత్రిలో అంటారు.

ఇది కొత్త అన్యాయం కాదు. మాల్టాలో ఈ జ్వరాన్ని తొలిసారి వివరంగా రాసిన బ్రిటిష్ సైనిక వైద్యుడు జెఫ్రీ అలెన్ మార్‌స్టన్ 1850ల చివర్లో తానే దాని బారిన పడ్డాడు. డేవిడ్ బ్రూస్ 1887లో సూక్ష్మజీవిని వేరుచేశాడు. అది మేకపాల నుంచి వస్తోందని 1905లో తెమిస్తోక్లెస్ జమ్మిత్ కనిపెట్టాడు. మరుసటి ఏడు సైనికులకు మేకపాలు మాన్పించగానే దండులో రోగం ఒక్కసారిగా పడిపోయింది. ఆవుల్లో దూడలు ఈసుకుపోవడానికి కారణమైన జీవిని డెన్మార్క్‌లో బెర్న్‌హార్డ్ బాంగ్ 1897లోనే గుర్తించినా, ఈ రెండూ చుట్టాలేనని చెప్పడానికి మరో రెండు దశాబ్దాలు పట్టింది. 1918లో ఆ మాట చెప్పింది అమెరికన్ శాస్త్రవేత్త అలైస్ ఎవాన్స్. డాక్టరేటు లేని స్త్రీ చెప్పిన ఆ మాటను చాలామంది నమ్మలేదు. 1922లో ప్రయోగశాలలో ఆమెకే రోగం సోకింది. ఏళ్ల తరబడి మంచాన పడుతూ లేస్తూ ఉన్న ఆమెకు వైద్యులు నరాల బలహీనత అని పేరు పెట్టారు. తరువాత ఒక శస్త్రచికిత్సలో బయటపడ్డ గాయాల నుంచి బ్రూసెల్లాను పెంచి చూపాకే ఆ పేరు పోయింది. ఆ రోగం మీద పనిచేస్తున్న మనిషికే అలా జరిగితే, బైరెడ్డిపల్లె నుంచి బస్సెక్కి వచ్చిన పాడి రైతు మాటకు విలువ దక్కకపోవడం ఆశ్చర్యం కాదు.

మరో వైపు వాదననూ పట్టించుకోవాలి. 1959లో జాన్ ఇంబోడెన్, లైటన్ క్లఫ్ బృందం బ్రూసెల్లోసిస్ వచ్చి తగ్గాక కూడా నీరసంగానే ఉన్నవాళ్లను, పూర్తిగా కోలుకున్నవాళ్లతో పోల్చి చూసింది. నీరసం మిగిలినవాళ్లలో మానసిక వేదన ఎక్కువగా ఉందని తేల్చింది. ఆ పని విలువైనదే. కానీ ఆ మానసిక పరీక్షలు చేసింది రోగం వచ్చాక. ఏళ్ల తరబడి ఒళ్లు సహకరించని మనిషి కుంగిపోవడం వింతా? వేదన నీరసానికి కారణమో, ఫలితమో ఆ పోలిక ఒక్కటే తేల్చలేదు. మందులు పూర్తయి, సూక్ష్మజీవి జాడ లేకపోయినా కొందరిలో నిస్సత్తువ మిగిలిపోతుంది. ఆరు నెలలు దాటి, కాస్త శ్రమ చేసిన మర్నాడు మరింత పడకేస్తూ, నిద్ర సేదతీర్చకుండా ఉంటే దాన్ని వేరే స్థితిగా పరిగణించే ప్రమాణాలు ఇప్పుడున్నాయి. ముందుగా థైరాయిడ్, మధుమేహం, మూత్రపిండాలు, బి12, క్షయ, కుంగుబాటు చూసుకోవాల్సిందే. అవన్నీ చూశాం, ఏమీ లేదు అని రాసే ముందు కొట్టం గురించి అడిగామా అన్నదే నా పట్టు.

ఎలా అడగాలన్నదీ ముఖ్యమే. ‘మీకు పశువులతో సంబంధం ఉందా’ అంటే, పాలు పితకడం కూడా ఒక చెప్పుకోదగ్గ సంగతే అని తోచని మనిషి లేదనే అంటుంది. ‘ఈ ఆర్నెల్లలో మీ ఇంట్లోగానీ పక్కింట్లోగానీ ఆవు ఏదైనా ఈసుకుపోయిందామ్మా? మాయ ఎవరు తీసినారు?’ అని అడిగితే, ‘ఒగావు ఏడో నెల్లో ఈసకపాయ సార్. మాయ పళ్ళేదు. మా ఆయన ఊళ్ళో లేకపాయ, నేనే చెయ్యి పెట్టి తీస్తి’ అన్న తరహా జవాబుకు దారి దొరుకుతుంది. అలాంటి ఒక్క వాక్యం వస్తే పరీక్షల చీటీ మారిపోవాలి.

మొదటి పరీక్ష ఖరీదైందేమీ కాదు. తెల్లటి పలక మీద రోగి రక్తరసి ఒక చుక్క, గులాబీ రంగు రోజ్ బెంగాల్ యాంటిజెన్ ఒక చుక్క వేసి కలిపి, నాలుగు నిమిషాలు అటూ ఇటూ ఊపుతారు. గులాబీ ద్రవం నున్నగా ఉండిపోతే లేదని, సన్నటి రవ్వలుగా విరిగితే ఉందని అర్థం. ఉందని వస్తే గొట్టాల్లో చేసే అగ్లుటినేషన్ పరీక్షతోనో, ఎలీసాతోనో నిర్ధారించుకోవాలి. రోగం ఎక్కువగా తిరిగే ప్రాంతాల్లో 1:160, అంతకు పైన ఉన్న అంకెనే సాధారణంగా లెక్కలోకి తీసుకుంటారు. పశువులతో మసలేవాళ్ల రక్తంలో పాత సంపర్కపు ప్రతిదేహాలు ఉండొచ్చు కనుక, లక్షణాలు లేకుండా ఆ అంకె ఒక్కటే చాలదు. రక్తంలోంచి సూక్ష్మజీవిని పెంచి చూపడమే గట్టి రుజువు. కానీ అది నెమ్మదిగా పెరుగుతుంది, పాత పద్ధతిలో నాలుగు వారాల దాకా ఆగాలి. నమూనా పంపేటప్పుడు అనుమానం బ్రూసెల్లా అని ప్రయోగశాలకు రాసి పంపడం తప్పనిసరి. లేకపోతే సీసాను తొందరగా పారేస్తారు, లేదా జాగ్రత్త లేకుండా తెరిచిన సాంకేతిక నిపుణుడికే రోగం సోకుతుంది.

మందు ఉంది. డాక్సీసైక్లిన్ ఆరు వారాలు, దానితోపాటు రిఫాంపిసిన్ మాత్రలు ఆరు వారాలో, స్ట్రెప్టోమైసిన్ సూదులు రెండు మూడు వారాలో వాడతారు. వెన్ను పట్టితే ఇంకా ఎక్కువ కాలం. గర్భిణులకు వేరే కలయిక కావాలి. పది రోజులకే జ్వరం తగ్గిందని మానేస్తే తిరగబెట్టే అవకాశం పెరుగుతుంది.

పశువు వైపు పని కూడా మొదలైంది. 2019 సెప్టెంబరులో ప్రారంభమైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమం కింద నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసున్న పెయ్యదూడలకు ఎస్-19 టీకా ఒక్కసారి వేస్తారు. దేశమంతటా ఏటా 3.6 కోట్ల పెయ్యలకు వేయాలన్నది లక్ష్యం. అది ప్రాణమున్న టీకా కనుక సూది పొరపాటున వేసేవాళ్ల చేతికి దిగితే వాళ్లకూ చికిత్స కావాలి. ఇప్పటికే రోగమున్న పెద్ద ఆవుకు టీకాతో నయం కాదు. ఈసుకుపోయిన ఆవును రైతు సంతకు తోలతాడు. అప్పు చేసి కొన్న ఆవు, పాలివ్వకపోతే అతడికి వేరే దారి లేదు. కొన్నవాడికి ఆ సంగతి చెప్పేవాళ్లుండరు. పరిహారం లేకుండా ఆ అమ్మకాన్ని తప్పుపట్టడం న్యాయం కాదని నా అభిప్రాయం.

అసలు లోటు ఈ రెండు వైపుల మధ్యన ఉంది. ఆవు ఈసుకుపోయిన సంగతి ఊరి పశుసంవర్ధక సహాయకుడికి తెలుస్తుంది. ఆ ఇంటావిడ జ్వరం పలమనేరులోనో, చిత్తూరులోనో, రాయవేలూరులోనో ఒక చీటీ మీద ఉంటుంది. ఒకరి కాగితం మరొకరు చూడరు. దీని నష్టం చికిత్స ముగిశాకే సరిగ్గా తెలుస్తుంది. ఆరు వారాల మందు వాడి లేచిన మనిషి మూడో నెలలో మళ్లీ జ్వరంతో వస్తే అది పాత రోగం తిరగబెట్టడమా, అదే కొట్టంలో కొత్తగా సోకడమా? రక్తపరీక్ష ఆ రెంటినీ సులువుగా విడదీయలేదు. ఆవుపాల మీద చేసే రింగ్ టెస్ట్ కొంత విడదీయగలదు. గొట్టంలో పోసిన పాలలో నీలిరంగు యాంటిజెన్ చుక్క కలిపి గంటసేపు వెచ్చగా ఉంచితే, రోగమున్న పాలలో మీగడ నీలంగా వలయం కట్టి కింది పాలు తెల్లబడతాయి. దీన్ని ఊరి పాలకేంద్రం క్యానుల మీద చేయవచ్చు. ఫలానా కేంద్రం పాలలో వలయం వచ్చిందన్న కబురు పశువైద్యశాల నుంచి అదే మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి చేరితే, ఆ ఊరి నుంచి నీరసంతో వచ్చే తరువాతి మనిషికి రోజ్ బెంగాల్ పరీక్ష మొదటి రోజే చేయొచ్చు.