టేపు: చెరుపుట, నిలుపుట

మేము బడిలో చదువుకొన్న 1980, 1990 దశకములలో టేపురికార్డరు మధ్యతరగతి ఇండ్లలో సామాన్య వస్తువు. వదులైన కాసెట్టు టేపును పెన్సిలు దూర్చి బిగించుట ఎరుగని పిల్లలు మాలో లేరు. హాలెండు దేశపు ఫిలిప్సు సంస్థ ఆ చిన్న డబ్బీని 1963లో లోకమునకు చూపినది. జేబులో ఇముడవలెనన్నది దాని రూపకర్త లూ ఒట్టెన్సు పట్టుదల. అరవై నిమిషముల కాసెట్టులో సుమారు 90 మీటర్ల టేపు ఉండును; దాని వెడల్పు నాలుగు మిల్లీమీటర్లకు లోపే.

టేపునకు మూలము అంతకు చాలముందటిది. 1928లో ఫ్రిట్జ్ ఫ్లాయిమరు అను జర్మను కాగితపు పట్టీపై ఇనుపపొడి అంటించి శబ్దమును పట్టినాడు. 1935లో బెర్లిను రేడియో ప్రదర్శనలో మాగ్నెటోఫోను యంత్రము వెలువడినది. గ్రామఫోను రికార్డుపై గాడి ఒకమారు పడినచో పడినట్లే. టేపు అట్లు కాదు. అయస్కాంతము వ్రాసినదానిని అయస్కాంతమే చెరపగలదు. పైగా కోసి అతుకవచ్చును. ప్రసంగకర్త దగ్గినచోట స్పూలు టేపును బ్లేడుతో ఏటవాలుగా కోసి అతికించినచో శ్రోతలకు ఆ దగ్గు ఉన్నట్లే తెలియదు. రేడియోవారికి ఇంతకంటె కావలసినదేమి?

అయితే ఆ సౌకర్యమే నష్టమునకు దారితీసినది. టేపు ఖరీదైనది కనుక పాతది చెరిపి క్రొత్తది ఎక్కించుట పొదుపు. బి.బి.సి. వారు 1960, 70 దశకములలో పెక్కు కార్యక్రమముల టేపులను ఇట్లే తుడిచివేసిరి. ‘డాక్టర్ హూ’ ధారావాహికలో దృశ్యము దొరకని భాగములు నేటికిని ఎన్నో కలవు. విచిత్రమేమనగా, ఆ భాగములన్నిటి శబ్దము మాత్రము మిగిలినది. కార్యక్రమము వచ్చుచుండగా అభిమానులు ఇంటి టేపురికార్డర్లతో పట్టి దాచుకొనిరి! 1969లో చంద్రునిపై మానవుడు కాలిడిన దృశ్యముల మూల టేపులు సయితము బహుశా చెరిపి మరల వాడబడినవని 2009లో అమెరికా అంతరిక్ష సంస్థ తేల్చినది. చెరిపినవారిని నిందించుట సులభమే. ఆనాటి లెక్కలలో అది సద్వినియోగము.

మన ఇండ్లలో మాత్రము జరిగినదేమి? కాసెట్టు వెనుక అంచున రెండు చిన్న పలుకులు ఉండును. వాటిని విరిచినచో మరల రికార్డు కాదు. విరువకపోవుటచేత తాతగారి కంఠముపై సినిమా పాటలెక్కిన ఇండ్లు మాకు తెలియును.

తరువాతి మార్పులు వేగముగా వచ్చినవి. 1982లో సి.డి. వచ్చినది, 1990 దశకములో ఎం.పి.త్రీ. ఇప్పుడు చేతిలోని ఫోనే రికార్డరు. స్థలము కొరకు పాతది చెరుపవలసిన అగత్యమును బాగుగా తగ్గినది. పాత టేపులకే గండము. పెండ్లి వీడియోలు ఎక్కిన వి.హెచ్.ఎస్. కాసెట్టులను ఆడించు యంత్రములను చివరి వరకు తయారుచేసిన జపాను సంస్థ ఫునై 2016లో ఆ పని మానినది. 2025లోగా కాపీ చేయని టేపులు దక్కుట కష్టమని ఆస్ట్రేలియా జాతీయ శబ్ద, చలనచిత్ర భాండారము ముందే హెచ్చరించినది. ఆ గడువును దాటినది.

కావున అటకపై కాసెట్టులున్నవారు సినిమా పాటలను ప్రక్కన పెట్టవచ్చును; అవి వేరుచోట దొరకును. ఇంటివారి గొంతులున్నవి ముందు తీయుడు. పలుకులు విరుగకున్నచో విరువుడు. టేపుపై తెల్లని బూజు కనబడినచో యంత్రములో పెట్టక, పని తెలిసినవారికి చూపుడు. బూజు లేకున్నచో యంత్రపు హెడ్డును స్పిరిటులో ముంచిన దూదితో తుడిచి, ఆరిన పిమ్మట ఆడించుడు.