బంధుత్వం భరించే కూలి: పాలమూరు సీడు పత్తిలో, పోచంపల్లి మగ్గంలో పిల్లల పని

బాలల శ్రమ మీద మన దగ్గర రాసేవాళ్లలో రాజనీతి శాస్త్రవేత్త మైరన్ వీనర్‌ను తలవనివాళ్లు అరుదు. 1991లో వచ్చిన ‘ద చైల్డ్ అండ్ ద స్టేట్ ఇన్ ఇండియా’లో ఆయన పేదరికం వాదాన్ని పక్కకు నెట్టాడు. అధికారుల్లో, చదువుకున్న వర్గాల్లో పాతుకుపోయిన హెచ్చుతగ్గుల భావనే పిల్లలను పనిలో ఉంచుతోందన్నాడు. ఆ తెగువ మెచ్చదగిందే. కానీ సంస్కృతిని వెతుక్కుంటూ ఆయన వెళ్లింది కార్యాలయాలకు. ఇంటి గడప దగ్గర ఆగిపోయాడు. నిర్బంధ విద్యతో సమస్య తీరుతుందన్న నమ్మకం ఆ ఆగిపోవడంలోంచి పుట్టిందే. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అయినా ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో బడి రిజిస్టరులో పేరున్న పిల్లలు పూత కాలంలో చేలల్లో కనబడుతూనే వచ్చారు. వీళ్లను అక్కడికి పంపేది అధికారి భావజాలం కాదు. ఎవరి చదువు ఆగొచ్చో, ఎవరి పనికి లెక్క అడగకూడదో తేల్చే ఇంటి నియమం. బయటి వ్యాపారం ఆ నియమం మీదే తన ధర కట్టుకుంది.

గద్వాల, అయిజ, మల్దకల్ ప్రాంతాల సీడు పత్తిలో ఇది స్పష్టంగా కనబడుతుంది. హైబ్రిడ్ విత్తనం కావాలంటే మర్నాడు విచ్చుకోబోయే ప్రతి ఆడ మొగ్గనూ ముందురోజే వెతికి పట్టుకొని కేసరాలు ఒలిచేయాలి. తెల్లవారాక మగ పువ్వు పుప్పొడి దానికి అద్దాలి. ఒక పూట తప్పితే ఆ పూత విత్తనానికి పనికిరాదు. ఈ క్రాసింగ్ పూత ఉన్నన్నాళ్లూ వారాల తరబడి సాగుతుంది, అదీ బడులు నడిచే రోజుల్లోనే. ఇందులో ఆడపిల్లలే ఎక్కువని, చాలామంది అడ్వాన్సులకు కట్టుబడి వస్తారని పరిశోధకుడు దావులూరి వెంకటేశ్వర్లు అధ్యయనాలు బయటపెట్టాయి. తర్వాత సాగు చిన్న కమతాలకు మళ్లి, కూలి పిల్లల వాటా తగ్గి, సొంత పిల్లల వాటా పెరిగింది. దీన్ని సగం గెలుపుగా చదివినవాళ్లున్నారు. నా దృష్టిలో పని చోటు మార్చుకుంది, అంతే. రైతుకూ కంపెనీకీ నడుమ నిలిచే ఆర్గనైజరు చేతుల మీదుగా కంపెనీ ఇచ్చేది విత్తనానికి ధర. ఎన్ని చేతులు ఎన్ని పొద్దులు కష్టపడ్డాయన్నది దానికి పట్టదు. బయటి కూలీలను పెడితే రైతుకు మిగిలేది కొద్ది. ఆ లోటు పూడ్చేది కొడుకా, కూతురా అన్నది మాత్రం మార్కెట్ చెప్పదు, ఇల్లు చెబుతుంది. అన్న పరీక్ష తప్పకూడదు. చెల్లె నాలుగు దినాలు బడి మానితే ఏమీ కాదు, ఎట్లాగూ ఒకింటికి పోయే పిల్ల. పనిమంతురాలన్న పేరు సంబంధం కుదరడానికీ అక్కరకొస్తుంది. మేనమామ చేనులో చేసినదానికి కూలి అడగడం ఇంటి మర్యాద కాదు. పిల్లల వేళ్లు సున్నితం కాబట్టే పెట్టుకుంటున్నామన్న మాట కూడా వినబడుతుంది. ఉమ్మడి నల్లగొండలోని పోచంపల్లిలో రంగు అంటకుండా ఇక్కత్ నూలుకు చిటికి కట్టే పని ఇంతకన్నా సున్నితం. దాన్ని పెద్దలు, మగవాళ్లతో సహా, చేస్తూనే ఉన్నారు.

పోచంపల్లి నేత మరో సాక్ష్యం. మాస్టర్ వీవర్ ఇచ్చే మజూరీ చీర లెక్కన మగ్గం మీదున్న మనిషి చేతికి వస్తుంది. కండెలు చుట్టడం, మేకుల చుట్టూ నూలు తిప్పి ఆసు పోయడం అందులోనే కలిసిపోతాయి. ఒక చీర ఆసుకు చేయి తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ ఆడాలి. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం పూర్తి చేశాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆరో తరగతితోనే చదువాపి ఆయన కులవృత్తిలోకి వచ్చాడన్న సంగతిని మాత్రం ఆ కథలో అందరూ తేలిగ్గా దాటేస్తారు. వృత్తి నేర్పడమూ ఖర్చు లేని శ్రమ తీసుకోవడమూ ఒకే ఇంట్లో ఒకే పనిగా సాగుతాయి. విత్తనం ధరలాగే చీర మజూరీ కూడా ఇంటి మొత్తం పనికి కలిపి వచ్చేదే.

పేదరికమే అసలు కారణమని ఇంకా అనేవాళ్లకు సోనియా భలోత్రా, క్రిస్టఫర్ హీడీల 2003 పరిశోధన చూపాలి: ఘనా, పాకిస్తాన్ గ్రామాల్లో భూమి ఎక్కువున్న ఇళ్ల పిల్లలే, ముఖ్యంగా ఆడపిల్లలు, ఎక్కువ పనిచేశారు. ఆ పరిశోధకులు కూలి, భూమి మార్కెట్ల లోపాల్లో కారణం వెతికారు. ఆడపిల్లే ఎందుకన్న ప్రశ్నకు అది చాలదు. పిల్లలను పని మాన్పించి బడికి చేర్చే స్వచ్ఛంద సంస్థ ఎం.వి. ఫౌండేషన్ పనిచేసిన ఊళ్లలో తల్లిదండ్రులు పిల్లలను ఇష్టంగానే బడికి పంపారు నిజమే, కానీ అక్కడ ఊరంతా కలిసి ఇంటి మర్యాదనే మార్చుకుంది.

చట్టం ఈ నియమాన్ని కదపలేదు సరికదా, దానికి చోటిచ్చింది. వెట్టిని, అప్పు కింద జీతానికి కట్టేసే భగేలాను ఎదిరించిన నేల ఇది. వెట్టిచాకిరీ రద్దుకు తెచ్చిన 1976 చట్టం యజమానికీ జీతగాడికీ నడుమ అప్పును వెతికి రద్దు చేసింది. తండ్రికీ కూతురికీ నడుమ అలాంటి అప్పుండదు. బాలకార్మిక చట్టానికి తెచ్చిన 2016 సవరణ పద్నాలుగేళ్ల లోపువాళ్లకు పని నిషేధిస్తూనే, ప్రమాదకరం కాని కుటుంబ వ్యాపారంలో బడి వేళల తర్వాత, సెలవుల్లో సాయపడవచ్చంది. కుటుంబమంటే అమ్మానాన్నలు, తోబుట్టువులే కాదు, మేనత్త, బాబాయి, మేనమామ, పిన్ని కూడా. దక్కన్ మెట్ట పల్లెల్లో కూలి అడగకుండా పిల్లను పంపే ఇళ్లన్నీ ఆ జాబితాలోకే వస్తాయి.