ఎమ్యులేటర్ల తొలి చరిత్ర: ఒక పరిశీలన

వీడియో గేముల చరిత్ర ఒక విమర్శ పత్రికలో చర్చించదగిన విషయమేనా అని కొందరు మిత్రులు సందేహించవచ్చు. పిల్లల ఆటవస్తువులను గురించి ఇంత మీమాంస ఎందుకని వారి ప్రశ్న. వీధి భాగవతాన్నీ, జానపద గేయాన్నీ కూడా పండితులు ఇదే తీరున పక్కకు నెట్టిన రోజులున్నాయి. కోట్లాది ప్రజలు చేపట్టిన ఏ వినోదరూపమూ చరిత్రకారుని దృష్టిలో చిన్నది కాదు. పైగా ఇక్కడ మన ముందున్న ప్రశ్న ఆటల బాగోగులను గురించినది కాదు. కొందరు శ్రమించి తయారుచేసిన కృతిని మార్కెట్టు వాడుకొని పారవేసిన తర్వాత, దానిని బతికించినవారెవరు? అట్లా బతికించినందుకు వారికి దక్కినదేమిటి? ఎమ్యులేటర్ల తొలి చరిత్రను ఈ రెండు ప్రశ్నలతో పరిశీలించవలసి వుంది.

ముందు ఎమ్యులేటర్ అంటే ఏమిటో తెలుసుకుందాం. ప్రతి కంప్యూటరు లోపలి ప్రాసెసరుకూ తనదంటూ ఒక భాష వుంటుంది. ఒక యంత్రం కోసం రాసిన ప్రోగ్రాం వేరొక యంత్రానికి అర్థం కాదు. ఎమ్యులేటర్ ఈ రెంటి నడుమ నిలిచే దుబాసి వంటి ప్రోగ్రాం. పాత యంత్రానికి రాసిన ఆదేశాలను ఒక్కొక్కటిగా చదివి, ఆ యంత్రం ఏ పని చేసి వుండేదో ఆ పనినే కొత్త యంత్రం చేత చేయిస్తుంది. కూడికలు, తీసివేతలు చేయిస్తే మాత్రమే సరిపోదు. పాత యంత్రం తెరపై గీత వెంట గీతగా బొమ్మను ఎట్లా గీసేదో, శబ్దాన్ని ఎట్లా పుట్టించేదో, ఏ పని తర్వాత ఏ పని ఎంత వ్యవధిలో జరిగేదో అదంతా అనుకరించాలి. అందుచేత అనుకరించే యంత్రం అసలు యంత్రం కంటె అనేక రెట్లు వేగమైనదై వుండాలి.

ఈ భావనకు సిద్ధాంతపరమైన మూలం 1936లో ఆలన్ ట్యూరింగ్ రాసిన వ్యాసంలో వున్నది. తగిన వివరణ ఇస్తే ఒక యంత్రం మరే గణన యంత్రం పనినైనా చేయగలదని ఆయన చూపించాడు. దీనిని వ్యాపార రంగంలో ఆచరణలో పెట్టినది మాత్రం పెట్టుబడిదారీ సంస్థే. 1964లో ఐ.బి.ఎం. కంపెనీ సిస్టమ్ 360 అనే కొత్త కంప్యూటర్ల వరుసను ప్రకటించింది. అప్పటికే 1401 అనే పాత నమూనాపై వేలాది ఖాతాదారులు ప్రోగ్రాములు రాసుకొని వున్నారు. వాటిని మళ్ళీ రాయవలసి వస్తే ఖాతాదారు వేరే కంపెనీ దగ్గరకు వెళ్ళిపోవచ్చు. అందుకని పాత ప్రోగ్రాములు కొత్త యంత్రంలో నడిచే ఏర్పాటును కంపెనీయే చేసింది. ఎమ్యులేటర్ అనే మాట వాడుకలోకి వచ్చినదీ ఆ సందర్భంలోనే. ఖాతాదారును నిలుపుకొనేందుకు ఉపకరించినప్పుడు అనుకరణ గొప్ప ఇంజనీరింగు విజయం. అదే పనిని ముప్పై ఏళ్ళ తర్వాత విద్యార్థులు చేసినప్పుడు దానికి వేరే పేరు వచ్చింది. ఈ తేడాను మనం మరువరాదు.

వీడియో గేమ్ కన్సోల్ స్వభావం వేరు. అది మూసిపెట్టిన కంప్యూటరు. పెట్టె ఒకసారి అమ్ముడుపోయిన తర్వాత కాట్రిడ్జుల అమ్మకమే ఈ వ్యాపారానికి ప్రాణం. 1977లో వచ్చిన అటారి వీడియో కంప్యూటర్ సిస్టమ్‌లో పని చేసేందుకు వుండే జ్ఞాపకం కేవలం 128 బైట్లు. ఆ ఇరుకులో ప్రోగ్రామర్లు ఒంటిచేత్తో మొత్తం ఆటను నిర్మించేవారు. అయినా ఆట డబ్బా మీద వారి పేరు వుండేది కాదు. 1980లో వచ్చిన అడ్వెంచర్ అనే ఆటలో వారన్ రాబినెట్ అనే ప్రోగ్రామర్ ఒక రహస్యపు గది కట్టి, అందులో తన పేరు దాచుకున్నాడు. పేరూ, తగిన ప్రతిఫలమూ దక్కలేదన్న అసంతృప్తితోనే నలుగురు అటారి ప్రోగ్రామర్లు బయటకు వచ్చి 1979లో ఆక్టివిజన్ స్థాపనలో పాలుపంచుకున్నారు. ఈ కృతులకు కర్తలు కనపడని మనుషులు, యజమానులు కనపడే కంపెనీలు. కథ ఇక్కడి నుంచే మొదలవుతుంది.

1983లో జపానులో నింటెండో కంపెనీ ఫామికామ్ అనే కన్సోల్‌ను విడుదల చేసింది. 1985లో అదే యంత్రం రూపు మార్చుకొని ఎన్.ఇ.ఎస్. పేరుతో అమెరికాకు వచ్చింది. ప్రపంచం మొత్తం మీద సుమారు 6 కోట్ల 19 లక్షల యంత్రాలు అమ్ముడుపోయాయి. అమెరికా నమూనాలో తాళం వంటి ఒక చిప్పు పెట్టారు. కంపెనీ అనుమతి లేని కాట్రిడ్జు అందులో నడవదు. అనుమతి పొందిన సంస్థలు సైతం సంవత్సరానికి ఇన్ని ఆటలే తయారు చేయాలన్న షరతుకు తలవొగ్గవలసి వచ్చింది.

మన దేశానికి ఆ యంత్రం నకళ్ళ రూపంలో చేరింది. 1990ల చివర మన పట్టణాల మధ్యతరగతి ఇళ్ళలోకి టి.వి.కి తగిలించే వీడియో గేమ్ పెట్టెలు వచ్చాయి. ఈ వ్యాసకర్త కూడా వేసవి సెలవుల్లో వాటి ముందు కూర్చున్నవాడే. కాసెట్టు మీద వేల ఆటలని రాసి వుండేది. పెట్టి చూస్తే అవే పాతిక ఆటలు పేర్లు మార్చుకొని మళ్ళీ మళ్ళీ వచ్చేవి. ఆ పెట్టెలు ఫామికామ్ నకళ్ళని గాని, ఆ ఆటలు ఎవరు తయారుచేశారని గాని మాకు తెలియదు. నకలు అమ్మకం కోసం పుట్టినది. అసలును గురించి అది ఏమీ చెప్పదు. ఎమ్యులేటర్ అట్లా కాదు. అసలు యంత్రం ఎట్లా పని చేస్తుందో మొదట తెలుసుకోకుండా దానిని రాయడం సాధ్యం కాదు.

జపానులో ఎఫ్.ఎం. టౌన్స్ అనే ఇంటి కంప్యూటరు మీద 1990 నాటికే ఫామికామ్ ఎమ్యులేటర్ ఒకటి తయారైంది. కొన్ని సులువైన ఆటలు మాత్రమే అందులో నడిచేవి. నిజమైన మలుపు 1990ల మధ్యలో వచ్చింది. ఫామికామ్ ప్రాసెసర్ సెకనుకు సుమారు 18 లక్షల స్పందనలతో నడిచేది. ఆనాటికి ఇళ్ళలోని కంప్యూటర్లు దానికి యాభై అరవై రెట్ల వేగాన్ని అందుకున్నాయి. ఇంటర్నెట్ కళాశాలల నుంచి ఇళ్ళకు వ్యాపించింది. ఈ రెండు భౌతిక పరిస్థితులూ కలిసిన చోట ఎమ్యులేటర్ పుట్టింది. ఎవరో ఒక మేధావి ఒంటరిగా కన్న కలగా దీనిని వర్ణించడం పొరపాటు.

ఈ దశలో ఇద్దరిని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. మరాత్ ఫైజుల్లిన్ 1996లో ఐ-నెస్ అనే ఎమ్యులేటర్‌ను విడుదల చేశాడు. ఎమ్యులేటర్ ఎట్లా రాయాలో వివరిస్తూ ఒక పాఠం కూడా రాసి అందరికీ అందుబాటులో వుంచాడు. కాట్రిడ్జులోని సమాచారాన్ని ఫైలుగా నిలువచేసేటప్పుడు ఆ కాట్రిడ్జు ఏ రకానిదో తెలిపే పదహారు బైట్ల శీర్షికను ఆయన ఏర్పాటు చేశాడు. దానినే తర్వాతివారంతా స్వీకరించారు. రెండవది, 1997 ఏప్రిల్‌లో సార్డు అనే మారుపేరుతో ఒక యువకుడు విడుదల చేసిన నెస్టికిల్. పేరు మోటుదే గాని, సాధారణమైన కంప్యూటర్లలో సైతం ఆటలు పూర్తి వేగంతో నడిచాయి. ఉచితంగా దొరికింది. అదే ఏడాది సూపర్ నింటెండో కోసం జడ్-స్నెస్, వీధి ఆటయంత్రాల కోసం ఇటలీకి చెందిన నికోలా సల్మోరియా ప్రారంభించిన మేమ్ వచ్చాయి. పాత యంత్రాల పనితీరును లిఖితరూపంలో నిలబెట్టడం తన ధ్యేయమని మేమ్ చెప్పుకున్నది. ఆటలాడించడం ఆ పనికి కలిగిన ఉపఫలితం మాత్రమే.

ఇక్కడ మన తాళపత్రాల సంగతి గుర్తుకు వస్తుంది. తాటాకు శిథిలమవుతుంది. దానిలోని కావ్యాన్ని బతికించినవాడు మళ్ళీ రాసిన లేఖకుడు. బ్రౌన్ పండితులను జీతాలిచ్చి నియమించి ప్రతులు రాయించాడు. అయితే ఆటకు ప్రతి ఒక్కటే చాలదు. లిపి తెలిసినవాడు లేని గ్రంథం ఎట్లాంటిదో, నడిపే యంత్రం లేని ప్రోగ్రాం అట్లాంటిది. ఎమ్యులేటర్ రాసినవారు ప్రతిని మాత్రమే గాక దానిని చదివే కన్నును కూడా సమకూర్చారు. వారిలో అత్యధికులకు జీతమిచ్చిన బ్రౌన్ ఎవరూ లేరు.

ఈ ఉద్యమాన్ని మచ్చలేనిదిగా చిత్రించడం కూడా చరిత్రకు ద్రోహమే. ఎమ్యులేటర్ తో పాటు వేలాది ఆటల ప్రతులు అనుమతి లేకుండా పంచబడ్డాయి. వాటిని దించుకున్నవారిలో పాత కృతులను కాపాడాలన్న ఆశయం గలవారు కొందరే. డబ్బు పెట్టకుండా ఆడుకోవాలనుకున్నవారే ఎక్కువమంది. నెస్టికిల్ మూల ప్రోగ్రాంను సాటి ఔత్సాహికుడొకడు దొంగిలించి బయటపెట్టాడు. 1999 జనవరి చివర అల్ట్రా-హెచ్.ఎల్.ఇ. అనే ఎమ్యులేటర్ విడుదలైనప్పుడు సమస్య మరింత తీవ్రమయింది. అది నింటెండో 64 ఆటలను నడిపింది. ఆ కన్సోల్ 1996లో వచ్చినది. అప్పటికి ఇంకా దుకాణాల్లో అమ్ముడవుతున్నది. పారవేసిన కృతిని కాపాడుతున్నామన్న వాదం ఇక్కడ నిలవదు. ఆట తయారుచేసిన శ్రామికుని జీతం కూడా ఆ అమ్మకం నుంచే రావాలి గదా! కంపెనీ న్యాయచర్యకు సిద్ధపడడంతో రచయితలు దానిని వెంటనే ఉపసంహరించుకున్నారు.

అదే నెలలో న్యాయస్థానంలో అసలు పోరాటం ఆరంభమైంది. కనెక్టిక్స్ అనే అమెరికా కంపెనీ సోనీ ప్లేస్టేషన్ ఆటలను మాకింటాష్ కంప్యూటరు మీద ఆడించే ప్రోగ్రాంను ప్రకటించింది. వెల 49 డాలర్లు. సోనీ దావా వేసింది. కనెక్టిక్స్ ఇంజనీర్లు పరిశీలన కోసం సోనీ లోపలి ప్రోగ్రాంను పలుమార్లు నకలు చేసిన మాట వాస్తవం. కాని అమ్మకానికి పెట్టిన సరుకులో సోనీ రాసిన ముక్క ఒక్కటీ లేదు. కింది కోర్టు నిషేధం విధించింది. 2000 ఫిబ్రవరిలో అప్పీలు కోర్టు దానిని రద్దు చేసింది. పనితీరు తెలుసుకునేందుకు చేసిన మధ్యంతర నకలు న్యాయమైన వినియోగమేనని తీర్పు చెప్పింది. ఎమ్యులేటర్ చరిత్రలో ఇంతకంటె ముఖ్యమైన తీర్పు లేదు.

అయితే న్యాయం గెలిచినంత మాత్రాన గెలిచినవాడు బతికాడా? 2001లో కనెక్టిక్స్ ప్రోగ్రాంను సోనీయే కొనివేసి అమ్మకం ఆపించింది. ఇదే పని చేస్తున్న బ్లీమ్ అనే చిన్న సంస్థ కోర్టులో ఓడలేదు. కాని లాయర్ల ఖర్చు భరించలేక అదే సంవత్సరం మూతపడింది. తీర్పు పుస్తకంలో మిగిలింది, సరుకు మార్కెట్టులో మిగలలేదు. చట్టం ముందు అందరూ సమానులే గాని, చట్టం గుమ్మం దాకా వెళ్ళే దారిఖర్చు అందరి దగ్గరా సమానంగా వుండదు.

తర్వాత జరిగినది మరింత ఆలోచించదగినది. 2006లో నింటెండో తన కొత్త కన్సోల్‌తో పాటు వర్చువల్ కన్సోల్ అనే సేవను ఆరంభించి, పాత ఆటలను ఎమ్యులేటర్ ద్వారా మళ్ళీ అమ్మింది. అట్లా అమ్మిన సూపర్ మారియో ఫైలులో ఐ-నెస్ శీర్షిక వున్నదని 2016లో ఫ్రాంక్ సిఫాల్డీ అనే చరిత్రకారుడు బహిరంగంగా చూపించాడు. ఆ ఫైలును ఇంటర్నెట్ నుంచి దించుకున్నారని ఇది నిరూపించదు. కాని ఔత్సాహికులు ఏర్పరచిన పద్ధతి కంపెనీ ఇంటి లోపలికి చేరిందని మాత్రం స్పష్టం చేస్తుంది. 2018లో సోనీ విడుదల చేసిన ప్లేస్టేషన్ క్లాసిక్ అనే చిన్న పెట్టె లోపల నడిచినది స్వచ్ఛందంగా రాయబడిన పి.సి.ఎస్.ఎక్స్. రీ-ఆర్మ్‌డ్ అనే ఎమ్యులేటరే. కనెక్టిక్స్ మీదా బ్లీమ్ మీదా దావా వేసిన కంపెనీ ఇరవై ఏళ్ళలో ఈ స్థితికి వచ్చింది. వర్చువల్ కన్సోల్ పాత ఆటలకు శాశ్వతమైన నీడ కాలేదు. వీ కన్సోల్ దుకాణం 2019 జనవరిలోనే మూతపడింది.

కంపెనీలు మంచివా చెడ్డవా అన్న ప్రశ్న ఇక్కడ పనికిమాలినది. లాభం వున్నంత మేరకే అవి కాపాడుతాయి; అది వాటి స్వభావం. అమెరికాలో 2010కి పూర్వం వెలువడిన ఆటలలో నూటికి 87 నేడు మార్కెట్టులో దొరకడం లేదని అక్కడి వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తేల్చింది. ఈ 87 వాటాను నమ్ముకొని ఏ కంపెనీ కూర్చోలేదు. పరిశోధకులకు గ్రంథాలయాలు ఈ ఆటలను దూరం నుంచి చూపించేందుకు మినహాయింపు కావాలని కోరితే, 2024లో అమెరికా కాపీరైటు కార్యాలయం అంగీకరించలేదు. అదే సంవత్సరం ఆపిల్ తన ఫోన్లలో పాత ఆటల ఎమ్యులేటర్లకు చోటిచ్చింది. దుకాణానికి తలుపు తెరుచుకున్నది, గ్రంథాలయానికి తెరుచుకోలేదు.

అమ్మకంలో వున్న కృతికి దాని కర్తల హక్కును గౌరవించవలసినదే. అమ్మకం ఆగిన కృతిని చదివేందుకు, చూపేందుకు, బోధించేందుకు గ్రంథాలయాలకు అనుమతి వుండవలసినదే. ఈ రెండు మాటల మధ్య వైరుధ్యం లేదు. రాబినెట్ పేరు దాచుకున్న గదిని కొత్త పాఠకుడు నేడు తెరిచి చూడగలుగుతున్నాడు. అందుకు కారణం ఆ పేరును డబ్బా మీద వేయని కంపెనీ కాదు, పైసా ఆశించకుండా రాత్రుళ్ళు మేల్కొని ఆ యంత్రపు భాష నేర్చుకున్న అజ్ఞాత లేఖకులు. వారి పేర్లు కూడా ఏ గదిలోనో దాచుకోవలసిన అవసరం రాకూడదు.