పెండ్లికి ముందటి పాఠము



బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతములందు వివాహమునకు ముందు వధూవరులకు ఎవరు ఏమి నేర్పుచు వచ్చిరను విషయమును చరిత్రకారులు అంతగా పట్టించుకొనలేదు. రాజుల పెండ్లిండ్లు శాసనములకెక్కినవి. రైతుబిడ్డ పెండ్లి పాటలలో మాత్రమే మిగిలినది. తెలుగు పాఠములు చెప్పి విశ్రాంతి గైకొన్న నాకు ఈ ప్రశ్న ఏల కలిగెననగా, నా కడ చదివి శుభలేఖ తెచ్చియిచ్చినవారే ఏడాది తిరుగకమున్నే విడాకుల మాట చెప్పుచు వచ్చుట ఇటీవల పలుమారులు చూచితిని. అందు కొన్నింట దౌర్జన్యము లేదు, దుర్వ్యసనము లేదు. "మేమనుకొన్నట్లు లేదండి" అందురు. వారేమనుకొనిరి? ఆ అనుకోలు ఎక్కడినుండి వచ్చినది?

శారదాచట్టము 1929లో పుట్టి 1930 ఏప్రిల్ 1వ తేదీన అమలులోనికి వచ్చెను. అది ఆడపిల్లకు 14, మగపిల్లవానికి 18 సంవత్సరములు కనీస వయస్సుగా నిర్ణయించినది. అంతకుముందు పెక్కిండ్లలో ఎనిమిది తొమ్మిదేండ్లకే పెండ్లి. కాపురము పునస్సంధానము తరువాతనే. నడుమ గడచిన ఆ ఏండ్లే ఆడపిల్లకు బడి. అమ్మమ్మ కథలు, పండుగలకు అత్తవారింటికి రాకపోకలు, పేరంటపు పాటలు, కడకు అప్పగింతల పాట, ఇవియే పాఠ్యగ్రంథములు. ఓర్చుకొనుమనుటయే వాని సారము. ఆ యాచారము మరల రావలెనని నేననను. పసితనముననే వైధవ్యము పాలైన బాలికల గతి తెలిసినవాడెవ్వడును అట్లనడు. నే చెప్పవచ్చినది వేరు. ఆ పాఠమెల్ల ఆడపిల్లకే. మగపిల్లవానికో? 1843లో రాబర్ట్ నోబిల్ దొర బందరులో నెలకొల్పిన పాఠశాల వంటివానికి పంపి ఇంగ్లీషు చెప్పించిరి. 1855 నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తియై డెల్టా మాగాణి యయ్యెను. వడ్లమ్మిన సొమ్ము చదువులకును, చదువులు కట్నములకును దారితీసినవి. వరుడు తన వెల యెరిగెను గాని తన పని యెరుగడయ్యెను.

విచిత్రమేమనగా, శాస్త్రము తీరు దీనికి తలక్రిందులు. కన్యాదానసమయమున ధర్మార్థకామములందు ఈమెను అతిక్రమింపకుమని కన్యాదాత అడుగును. "నాతిచరామి" యని బదులిచ్చువాడు వరుడు. ప్రమాణము వానిది, ఉపదేశము ఆమెకు! పైగా ఆ ప్రమాణము వానికి తెలియని భాషలో. సప్తపదినే చూడుడు. మొదటి అడుగు అన్నమునకు, రెండవది బలమునకు, మూడవది వ్రతమునకు. సుఖము నాల్గవ అడుగునగాని రాదు. ఏడవ అడుగు దాటిన పిమ్మట వధువు వరునికి సఖి. ఈ వరుసను నేను పెండ్లికి సిద్ధముగానున్న పిల్లలకు చెప్పినప్పుడు "నాల్గవదా!" యని నవ్వినవారు కలరు. వారు తలపోసినది సుఖముతో మొదలై సుఖముతోనే ముగియు వరుస.

అట్టి తలపునకు నేడు సినిమాను నిందించుట పరిపాటి. కాని దివిసీమకు చేరువనున్న కూచిపూడివారి భామాకలాపము సినిమాకు ఎంతో పూర్వపుది. సత్యభామ అలుక, విరహము, మాధవిచే పంపిన లేఖ, పునస్సమాగమము. అంతటితో మంగళహారతి. మరునాటి ఉదయము ఆ యింట పొయ్యి ఎవరు రాజవేసిరో ఏ భాగవతుడును చెప్పలేదు. చెప్పుట వాని పనియు కాదు.

ఆ పని తలకెత్తుకొన్నవారిలో భండారు అచ్చమాంబగారిని మొదట తలపవలెను. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారికి అక్కగారు. చిన్ననాటనే వివాహమై, బడి యెరుగక, సోదరుని ప్రోత్సాహమున చదువు నేర్చిన విదుషీమణి. 1902లో ఓరుగంటి సుందరీరత్నమాంబగారితో కలిసి బందరులో బృందావన స్త్రీ సమాజమును స్థాపించిరి. ఆ యేడే వారు వ్రాసిన యొక కథకు "దంపతుల ప్రథమ కలహము" అని పేరు. ప్రథమ యను విశేషణమును గమనింపుడు. ద్వితీయము, తృతీయము కలవనియే కదా ధ్వని! పెండ్లియైన పిమ్మట కలహము రాకమానదని పేరులోనే చెప్పివేసిన ఆ ధైర్యమునకు నేను నమస్కరింతును.

రెండవవారు గుడివాడ చెంత అంగలూరున 1887లో పుట్టి, బందరు నోబిల్ కళాశాలలో చదివి, ఐర్లండున బారిష్టరైన కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరిగారు. పురాణములను గూర్చి వారి తీర్పులు నా పాండిత్యమునకు మ్రింగుడుపడవు. అయినను వధూవరులు తామేమి పలుకుచున్నారో తామెరుగవలెనని "వివాహవిధి"ని తెనుగున రచించి, తామే పురోహితులై పెక్కు పెండ్లిండ్లు చేయించిరి. ఇందు వారితో నాకు వాదము లేదు. 1943లో వారు గతించిరి. ఆ పద్ధతి కొన్ని కుటుంబములకే పరిమితమైనది. తక్కినవారు శుభలేఖను తెనుగున, ప్రమాణమును సంస్కృతమున ఉంచుకొనిరి.

1955 నాటి హిందూ వివాహచట్టము, సప్తపది ఆచారముగా కలవారికి ఏడవ అడుగుతోనే వివాహము సంపూర్ణమనుచున్నది. తంతు జరుగకయే ధ్రువపత్రము పొందిన యొక జంట విషయమున 2024లో సుప్రీంకోర్టు, వివాహమన ఆటపాటలు విందులు మాత్రమే కాదనియు, యువతీయువకులు ముందుగానే దానిని గూర్చి గాఢముగ ఆలోచింపవలెననియు హెచ్చరించినది. ఆలోచించుటకు వ్యవధి లేకపోలేదు. తాంబూలములు పుచ్చుకొన్న నాటినుండి పిల్లలు నెలల తరబడి రాత్రులు సెల్‌ఫోనులో మాటలాడుకొనుచున్నారు. ఏమి మాటలాడుకొంటిరని అడిగితిని. చూడబోవు ఊళ్లు, కొనబోవు చీరలు. వరుని తండ్రికున్న అప్పు, వధువు తల్లికి ముందుముందు దిక్కెవరు, జీతము ఎవరి చేతికి, అను ప్రశ్నలు ఒక్కరును అడుగలేదు. అడిగిన అపశకునమని భయమట!

ఇటీవల గుడివాడలో ఒక పెండ్లికి పోయితిని. పురోహితుడు బుద్ధిమంతుడు; సప్తపది వేళ మైకు పుచ్చుకొని అడుగడుగునకు తెలుగున అర్థము చెప్పుచుండెను. మూడవ అడుగు దగ్గర ఫోటోగ్రాఫరు అడ్డమువచ్చి, బొమ్మ సరిగా రాలేదు, మొదటినుండి మరల నడువుడనెను. వారు నడిచిరి, పురోహితుడు మాత్రము మైకు క్రింద పెట్టెను.